ఉత్తుత్తి దెబ్బ

ఫెయింట్ అనే మాటని తెలుగులో ఏమంటారని మా అమ్మమ్మకి ఫోన్ చేసి అడిగాను. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియమే. ఇలాంటి మాటలు కావాలంటే నాకు ఆవిడే దిక్కు. "కొడుతున్నట్టు చెయ్యి ముందుకి తెచ్చి మధ్యలో ఆపేస్తారు అమ్మమ్మా. ఎదుటివాడు ఉలిక్కిపడి అటు కదలగానే ఇటునుంచి అసలుది కొడతారు" అన్నాను. ఆవిడ ఆలోచించను కూడా లేదు. "ఉత్తుత్తి దెబ్బ" అంది. ఆ వెంటనే, "అయినా నీకెందుకురా అవన్నీ, నిన్నెవరు కొడుతున్నారు?" అంది. మ్యాగజైన్‌కి వ్యాసం రాస్తున్నానని చెప్పి పెట్టేశాను.

నిజంగానే కొట్టారు. నెలనెలా ఫీజు కట్టి మరీ కొట్టించుకున్నాను.

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి వైపు తిరిగేవాళ్ళకి తెలిసే ఉంటుంది, మన హైటెక్ సిటీ చుట్టూ బాక్సింగ్ నేర్పే జిమ్ములు ఈ మధ్య బాగా పెరిగాయి. రాత్రి ఏడున్నర బ్యాచ్‌లో సగం మంది మెడలోంచి ఐడీ కార్డు తీసి బ్యాగులో పడేసి గ్లవ్స్ తొడుక్కునేవాళ్ళే. నేను కాలేజ్ అయ్యాక రాయదుర్గంలో మెట్రో దిగి షేర్ ఆటోలో వెళ్ళేవాణ్ణి. జిమ్ పేరు చెప్పను. మనుషులు మంచివాళ్ళే, నా కంప్లైంట్ మనుషుల మీద కాదు, నేర్పే వరస మీద.

మొదటి మూడు నెలలూ మాకు కొట్టడమే నేర్పారు. వన్-టూ, వన్-టూ-త్రీ, బ్యాగ్ మీద మూడు రౌండ్లు, ప్యాడ్ల మీద మూడు రౌండ్లు. ప్యాడ్ మీద గ్లవ్ పడితే వచ్చే ఆ చప్పుడుంది చూశారూ, దానికి ఎవరైనా పడిపోతారు. ఫ్రెండ్ వీడియో తీశాడు, స్టేటస్ పెట్టాను, స్కూల్ ఫ్రెండ్స్ అందరూ మంట ఎమోజీలు పెట్టారు. నాకు బాక్సింగ్ వచ్చేసిందని నేను గట్టిగా నమ్మాను. కానీ ప్యాడ్ ఎప్పుడూ అబద్ధం చెప్పదు. కోచ్ ఎడమ ప్యాడ్ చూపిస్తే ఎడమ ప్యాడే కొట్టాలి. మూడు నెలల్లో ఒక్కరోజు కూడా నా ఎదురుగా ఎవరూ అబద్ధం ఆడలేదు.

తర్వాత శనివారం స్పారింగ్‌లో దింపారు. నా ఎదుట ఒక అన్న, ముప్పై దాటి ఉంటాయి, ఏదో కంపెనీలో టెస్టింగ్‌లో చేస్తాడు. అసలు పేరుకి తగ్గ పనే, సాఫ్ట్‌వేర్‌ని ఎక్కడ నొక్కితే విరుగుతుందో వెతికేవాడికి నన్ను విరగ్గొట్టడం ఎంతసేపు? ఎడమ భుజం ముందుకి కుదిపాడు. నేను జాబ్ వస్తోందనుకుని కుడి గ్లవ్ చాచి దాన్ని పక్కకి తోయబోయాను. అక్కడ జాబ్ లేదు. నా కుడి చెయ్యి గాల్లో ఉండగానే అదే ఎడమ చెయ్యి బయటినుంచి వంపు తిరిగి హుక్‌గా వచ్చి నా కుడి దవడ మీద పడింది. ఒకసారి అయితే సరే. రెండోసారి కూడా అచ్చంగా అదే భుజం, అదే గాలి, అదే దవడ. మూడోసారికి నాకు "ఇది ఫెయింట్" అని తెలుసు. తెలిసి కూడా చెయ్యి వెళ్ళిపోయింది. మూడోది గట్టిగా తగిలింది.

అతనికి నా మీద కోపమేమీ లేదు. తర్వాత నీళ్ళ బాటిల్ తెచ్చి ఇచ్చి, "సారీ తమ్ముడూ, నువ్వు మళ్ళీ మళ్ళీ ఇచ్చేస్తుంటే చెయ్యి ఆగలేదు" అన్నాడు. ఆ మాట తలనొప్పి కన్నా ఎక్కువ గుచ్చుకుంది. తలనొప్పి మాత్రం మూడు రోజులుంది. లాప్‌టాప్ స్క్రీన్ వెలుతురు చూస్తే కడుపులో తిప్పేది. డీబీఎంఎస్ ల్యాబ్ ఇంటర్నల్ మిస్ అయ్యాను, సార్‌కి జ్వరమని చెప్పాను. అమ్మకి అదీ చెప్పలేదు. ఈ మ్యాగజైన్ పీడీఎఫ్ వాట్సాప్‌లో తిరిగి తిరిగి అమ్మ దాకా వెళ్తుంది కాబట్టి ఇక తెలుస్తుంది. అమ్మా, సారీ. డాక్టర్‌కి చూపించుకున్నాను, ఆయన నెల రోజులు స్పారింగ్ వద్దన్నాడు, మానేశాను. మొదటి దెబ్బ లోపల పూర్తిగా తగ్గకముందే రెండోది తగిలితే చాలా ప్రమాదమని అప్పుడే తెలిసింది. జిమ్‌లో అది కూడా ఎవరూ చెప్పలేదు.

బాక్సింగ్ వాళ్ళు తరచూ ఒక మాట అంటారు, పడగొట్టేది గట్టి దెబ్బ కాదు, కనబడని దెబ్బ అని. వచ్చేది కనబడితే మెడ బిగుస్తుంది, దవడ మూసుకుంటుంది, ఒళ్ళు దానికి సిద్ధమవుతుంది. కనబడకపోతే తల బంతిలా తిరుగుతుంది. ఫెయింట్ చేసే పనల్లా ఇదే, కళ్ళ ముందున్న దెబ్బని కనబడకుండా చెయ్యడం. అందుకే దీన్ని ఏదో ముదిరినవాళ్ళ ట్రిక్ అనుకుని చివర్లో నేర్పడం తప్పని నా వాదన. స్పారింగ్‌లోకి దిగబోయేవాడికి అన్నిటికన్నా ముందు నేర్పాల్సింది ఇదే.

ఎలా నేర్పాలన్నది ఇంకో గొడవ. మా జిమ్‌లో అందరూ ఇచ్చిన సలహా ఒక్కటే, "బ్రో, ఫెయింట్‌కి రియాక్ట్ అవ్వకు." వినడానికి బాగుంటుంది, ఏదో మౌనముని లెవెల్లో ఉంటుంది. నా ఉద్దేశంలో ఇంతకన్నా చెడ్డ సలహా లేదు.

"నాన్నా పులి" కథ మనందరికీ వచ్చు. కుర్రాడు రెండుసార్లు ఉత్తుత్తిగా అరిచాడు, ఊరివాళ్ళు పరిగెత్తుకొచ్చి తిట్టుకుంటూ వెళ్ళారు, మూడోసారి నిజంగా పులొస్తే ఎవరూ రాలేదు. మనకి చిన్నప్పట్నుంచీ దీన్ని కుర్రాడి వైపు నుంచే చెప్పారు, అబద్ధాలాడితే ఇంతేనని. ఒకసారి ఊరివాళ్ళ వైపు నుంచి చూడండి. వాళ్ళు చేసింది కరెక్ట్‌గా "ఫెయింట్‌కి రియాక్ట్ అవ్వకు" అనే సలహానే. కథలో పులి దానికోసమే కాచుకుని ఉంటే? రింగ్‌లో అరిచేవాడూ పులీ ఒకడే. మీరు కదలడం లేదని అర్థమైన మరుక్షణం సగం దాకా వచ్చి ఆగిపోయే ఆ చెయ్యి ఈసారి ఆగదు, మొత్తం వచ్చేస్తుంది. కదిలేవాడికి ఫెయింట్ తర్వాత దెబ్బ తగులుతుంది, కదలనివాడికి ఫెయింటే దెబ్బ అవుతుంది.

పైగా కదలకుండా ఉండటం మన చేతుల్లో లేదు. కంటికి ఏదైనా కనబడి చెయ్యి కదలడం మొదలవడానికి మనిషికి దాదాపు 0.2 సెకన్లు పడుతుంది. అదీ వచ్చేది ఒకటే, చెయ్యాల్సింది ఒకటే అయినప్పుడు. హిక్ అనే ఆయన 1952లో చూపించింది ఏంటంటే, ఎంచుకోవాల్సినవి పెరిగేకొద్దీ ఈ టైమ్ కూడా పెరుగుతుంది, అదీ లాగ్ లెక్కలో. (మన బ్రాంచ్ వాళ్ళకి లాగ్ ఎన్ అంటే ప్రేమ. ఇక్కడ మాత్రం అది మనకి శత్రువు.) ఇంకా పాత సంగతి ఒకటుంది. 1931లో టెల్ఫర్డ్ అనే ఆయన గమనించాడు, ఒక సంకేతానికి స్పందించే పనిలో ఉండగానే వెంటనే రెండోది వస్తే, ఆ రెండోదానికి స్పందన ఆలస్యమవుతుంది. మొదటిది తేలేదాకా రెండోది క్యూలో నిలబడాలి. ఫెయింట్ అనే విద్య మొత్తం ఈ క్యూ మీదే నడుస్తుంది. మూడోసారి నాకు తెలిసి కూడా చెయ్యి ఎందుకు వెళ్ళిందో ఇది చదివాక కొంచెం అర్థమైంది. నేను మొద్దువాణ్ణి కాదు, క్యూలో ఉన్నానంతే.

సెకండ్ ఇయర్‌లో కంప్యూటర్ ఆర్గనైజేషన్ క్లాసులో బ్రాంచ్ ప్రెడిక్షన్ చెప్తుంటే నేను దవడ పట్టుకుని కూర్చున్నాను. ప్రోగ్రామ్‌లో ఇఫ్ వచ్చినప్పుడు ప్రాసెసర్ జవాబు కోసం ఆగదు. పాత అలవాటుని బట్టి ఏదో ఒక దారి ఊహించి పని మొదలుపెట్టేస్తుంది. ఊహ తప్పితే అప్పటిదాకా చేసిందంతా పారేసి వెనక్కొస్తుంది. పైప్‌లైన్ ఎంత పొడుగుంటే పారేసేది అంత ఎక్కువ. 2018 జనవరిలో బయటపడ్డ స్పెక్టర్ లోపం గుర్తుందా, అందులో కూడా ప్రెడిక్టర్‌కి కావాలని తప్పుడు అలవాటు చేసి, అది ఊహించి తప్పుదారి పట్టిన ఆ కొంచెం టైమ్‌లోనే దొంగతనం చేస్తారు. అన్న నాకు చేసింది అదే. కానీ ఆ క్లాసులో నాకు అసలు పట్టుకున్న విషయం వేరే. ప్రెడిక్షన్ నూటికి నూరుసార్లు కరెక్ట్ అవ్వాలని ప్రాసెసర్ చేసేవాళ్ళు ఎవరూ అనుకోరు. తప్పుతుందని ముందే ఒప్పుకుంటారు. తప్పినప్పుడు ఎంత నష్టం, ఎంత తొందరగా కోలుకోవచ్చు అనే లెక్క కూడా వేసుకుంటారు.

ఫెయింట్ నుంచి కాపాడుకోవడం కూడా ఇంతే అని నా అభిప్రాయం. మోసపోతాం. చిన్నగా మోసపోవాలి.

ఇది నా తెలివితేటల్లోంచి వచ్చింది కాదులెండి. డాక్టర్ చెప్పిన నెల అయ్యాక, సిటీలో ఇంకో మూల, రేకుల షెడ్డు కింద పిల్లలకి నేర్పే ఒక ముసలి సార్ దగ్గరికి ఫ్రెండ్ తీసుకెళ్ళాడు. అక్కడ అద్దాలు లేవు, ఏసీ లేదు, పాటలు లేవు. నా కథంతా విని ఆయన అడిగిన మొదటి మాట, "దెబ్బ తిన్నప్పుడు ఏడ చూస్తున్నవ్?" గ్లవ్ వైపు అన్నాను. "బండి నడుపుతవా?" అన్నాడు. నడుపుతానన్నాను. "ముంగట బండోడు ఇండికేటర్ ఏస్తే నమ్ముతవా?"

హైదరాబాద్‌లో బండి నడిపేవాళ్ళకి దీని జవాబు వేరే చెప్పక్కర్లేదు. కొత్తగూడ నుంచి గచ్చిబౌలి దాకా కుడి ఇండికేటర్ మిణుకుమిణుకుమంటూ తిన్నగా పోయే బండి వెనక నేను చాలాసార్లు వెళ్ళాను. ఆటో అయితే ఎడమకి వంగి కుడికి కోస్తుంది. మనం ఇండికేటర్ నమ్మం. అలాగని దాన్ని పట్టించుకోకుండా పక్కనుంచి దూసుకెళ్ళం కూడా. కాస్త స్లో అవుతాం, కొంచెం దూరం ఉంచుతాం, ముందు చక్రం ఎటు తిరుగుతుందో చూస్తాం. "గదే గిక్కడ గూడ" అన్నాడు సార్. "శెయ్యి ఇండికేటర్. కాలు చక్రం."

ఆ తర్వాత నాకు గ్లవ్స్ ఇవ్వకుండా రెండు వారాలు దూరం ఒక్కటే నేర్పాడు. ఎదుటివాడు అక్కడే నిలబడి చెయ్యి పూర్తిగా చాచినా నా ముఖానికి జానెడు ఎడం ఉండాలి. అప్పుడు వాడు నన్ను కొట్టాలంటే ముందు కాలు కదలాల్సిందే. కాలు కదలకుండా భుజం ఎంత కుదిపినా, చెయ్యి ఎంత ఊపినా అది నాదాకా రాదని ముందే తెలుసు. అంటే వాడు పంపే పది అబద్ధాల్లో చాలావాటిని నేను పరీక్షించాల్సిన పనే లేదు. హిక్ లెక్కలో చెప్పాలంటే ఎంచుకోవాల్సినవి తగ్గిపోతాయి. చూపు గ్లవ్‌ల మీద కాకుండా ఛాతీ దగ్గర పెట్టుకుంటే భుజాలూ మోకాళ్ళూ రెండూ కంటి అంచుల్లో కనబడతాయి. కళ్ళతో మోసం చేసేవాళ్ళు కూడా ఉంటారు, పొట్ట వైపు చూసి తలకి కొడతారు. కళ్ళలోకి చూడకపోతే ఆ బాధా లేదు. కాలితో కూడా ఉత్తుత్తి అడుగు వేస్తారు కదా అంటారేమో. వేస్తారు. కానీ ఒళ్ళు బరువంతా మోసే కాలుతో అబద్ధం చెప్పడం చేతితో చెప్పినంత సులువు కాదు, ఎక్కువసార్లు చెప్పడం ఇంకా కష్టం.

రెండోది చేతుల సంగతి. సార్ నా పాత అలవాటు చూస్తానంటే ఫ్రెండ్ నా మీదకి ఉత్తుత్తి జాబ్‌లు వేశాడు, దాన్ని నేను ఫోన్‌లో సెకనుకి 240 ఫ్రేములు తీసే స్లో మోషన్‌లో పెట్టాను. ఇంటికెళ్ళి లెక్కపెడితే నా కుడి గ్లవ్ గడ్డం వదిలి వెళ్ళి తిరిగి గడ్డం దగ్గరికి రావడానికి 72 ఫ్రేములు. అంటే 0.3 సెకన్ల పాటు నా దవడకి తలుపు లేదు. వాడి హుక్‌కి అంత టైమ్ కూడా అక్కర్లేదు. సార్ చెప్పిన మార్పు చూడ్డానికి ఏమీ ఉండదు. జాబ్‌ని ఎదురెళ్ళి తొయ్యకు, నీ గడ్డం దగ్గరికే రానీ, వచ్చాక అరచేత్తో పట్టు. గ్లవ్ నీ ముఖం వెడల్పు దాటి ఎటూ పోకూడదు. ఇప్పుడు ఫెయింట్ వచ్చి నేను మోసపోయినా నా చెయ్యి కదిలేది రెండంగుళాలు. వెనక్కి రావడం కూడా రెండంగుళాలే. నేను రియాక్ట్ అవుతూనే ఉన్నాను, కానీ పారేయాల్సింది ఏమీ లేదు.

తల విషయంలోనూ ఇదే. కొత్తవాళ్ళు ఫెయింట్ చూసి నడుం దాకా వంగిపోతారు, లేదా గడ్డం పైకెత్తి వెనక్కి వాలిపోతారు. మహాభారతంలో దుర్యోధనుడి గదాయుద్ధం గుర్తు చేసుకోండి. శల్యపర్వంలో చివరికి ఏమైంది? భీముడి దెబ్బని తప్పించుకుందామని దుర్యోధనుడు పైకి ఎగరబోయాడు, భీముడు అది ముందే పసిగట్టి గద తొడల మీదకి విసిరాడు. తొడ మీద కొట్టడం ధర్మమా అధర్మమా అని మనవాళ్ళు వేల ఏళ్ళుగా కొట్టుకుంటున్నారు. నాకు మాత్రం ఇప్పుడు అందులో కనిపించేది ఒక్కటే, గాల్లోకి లేచినవాడు మళ్ళీ నేల తాకేదాకా మనసు మార్చుకోలేడు. ఎంత పెద్దగా తప్పించుకుంటే అంతసేపు బందీ. తల రెండంగుళాలు జరిపితే చాలు, పాదం అరడుగు వెనక్కి వేస్తే చాలు.

ఇంత చేసినా ఎదుటివాడికి ఫెయింట్ ఉచితంగా దొరికితే రాత్రంతా వేస్తూనే ఉంటాడు. అందుకే వాడు భుజం కుదిపినప్పుడల్లా కాకపోయినా రెండు మూడుసార్లకి ఒకసారి వాడి ముఖం మీదకి మన జాబ్ వెళ్ళాలి. ఫెయింట్ వేసే ఆ క్షణంలో వాడు కూడా కొట్టడం లేదు కదా, సగం పనిలో ఉన్నాడు, వాడి తలుపూ తెరిచే ఉంది. "అబద్ధం ఆడినోడు పైసలు కట్టాలె" అంటాడు సార్. నాకు ఈ విద్యలో అన్నిటికన్నా నచ్చింది ఇదే. మోసపోయినట్టు నటించి వాణ్ణి లోపలికి రప్పించడం అనేది కూడా ఒకటుందట, అది నాకింకా రాదు. చెయ్యబోయి రెండుసార్లు నిజంగానే మోసపోయాను.

ఇదంతా చదివి, హైటెక్ సిటీలో టైమ్‌పాస్ బాక్సింగ్‌కి ఇంత అవసరమా అని కొందరంటారు. నా రూమ్మేట్ అనేశాడు కూడా, "మామా, అందరూ నిఖత్ జరీన్ అవ్వడానికి వస్తున్నారా? పొట్ట తగ్గించుకోవడానికి వస్తున్నారు." సరే, నిఖత్ జరీన్ గురించే మాట్లాడుకుందాం.

మనకి ఇక్కడ్నుంచి సుమారు 175 కిలోమీటర్ల దూరంలో ఉంది నిజామాబాద్. ఆ ఒక్క ఊరినుంచి ఇద్దరు బాక్సర్లు ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో పతకాలు తెచ్చారు. నిఖత్ జరీన్ 2022 మే 19న ఇస్తాంబుల్‌లో 52 కేజీల ఫైనల్లో థాయ్‌లాండ్ బాక్సర్ జిట్‌పాంగ్ జుటామస్‌ని 5-0తో ఓడించింది, మరుసటి ఏడు ఢిల్లీలో 50 కేజీల్లో మళ్ళీ గెలిచింది. హుసాముద్దీన్ 2023లో తాష్కెంట్‌లో 57 కేజీల్లో కాంస్యం తెచ్చాడు. ఇద్దరికీ మొదట్లో నేర్పింది హుసాముద్దీన్ నాన్నగారు శంసముద్దీన్ సారే. నిఖత్ మొదలుపెట్టినప్పుడు అక్కడ అమ్మాయిలు లేక అబ్బాయిలతోనే స్పారింగ్ చేసేదట. దెబ్బలు తగిలిన ముఖంతో ఇంటికెళ్తే వాళ్ళమ్మ ఏడ్చేసిందని ఇంటర్వ్యూల్లో చెప్పింది. ఆ తర్వాత 2009లో విశాఖపట్నం సాయ్ సెంటర్‌కి వెళ్ళింది, అక్కడ ఐ. వెంకటేశ్వరరావు గారి దగ్గర నేర్చుకుంది. 2011లో జూనియర్ ప్రపంచ ఛాంపియన్. దాన్నుంచి సీనియర్ టైటిల్‌కి పదకొండేళ్ళు, మధ్యలో 2017లో భుజం గాయం.

ఇస్తాంబుల్ ఫైనల్ వీడియో మీరు ఎప్పుడో చూసే ఉంటారు. ఇంకోసారి చూడండి, ఈసారి చేతులు చూడకుండా పాదాలు మాత్రమే చూడండి. నేను అలా చూశాక నాకు మ్యాచ్ కొత్తగా కనబడింది. స్కోరు చూసి ఏకపక్షం అనుకుంటాం కానీ, తొమ్మిది నిమిషాలూ ఆ దూరం కోసం జరిగే బేరమే అసలు మ్యాచ్ అనిపించింది. అంత చేసిన నిఖత్ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ప్రీక్వార్టర్స్‌లో చైనా బాక్సర్ వూ యూ చేతిలో 0-5తో ఓడిపోయింది. ఆ వూ యూనే చివరికి స్వర్ణం గెలిచింది. ఫెయింట్ల వల్లే ఓడిందని నేను అనడం లేదు, నాకంత సీన్ లేదు. రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్‌కి కూడా ఎదుటివాళ్ళని చదవడం అంత కష్టమైన రోజులుంటాయి. మరి మూడు నెలలు ప్యాడ్లు మాత్రమే కొట్టిన నాలాంటివాణ్ణి ఏ ధైర్యంతో రింగ్‌లోకి తోస్తున్నారు?

రూమ్మేట్ మాటకి నా జవాబు ఇది. పొట్ట తగ్గించుకోవడానికి వచ్చేవాళ్ళు హాయిగా ప్యాడ్లు కొట్టుకోవచ్చు, బ్యాగ్ కొట్టుకోవచ్చు, వాళ్ళకి ఫెయింట్లు అక్కర్లేదు. కానీ ఆ శనివారం స్పారింగ్ ఉంది చూశారూ, అదే అడ్వర్టైజ్‌మెంట్. "రియల్ స్పారింగ్" అని పోస్టర్ మీద వేస్తారు. తల తలే, పొట్ట తగ్గించుకోవడానికి వచ్చినవాడిదైనా ఒలింపిక్స్‌కి వెళ్ళేవాడిదైనా. నిజం చెప్పాలంటే మనవాళ్ళకే ఎక్కువ రిస్క్, ఎందుకంటే వాళ్ళకి పదేళ్ళ అలవాటు ఉంది, మనకి సోమవారం పొద్దున స్టాండప్ మీటింగ్ ఉంది. తలకి దెబ్బ తగిలిందని చెప్తే సిక్ లీవ్ ఇస్తారేమో కానీ, బాక్సింగ్‌లో తగిలిందని మాత్రం ఎవరూ చెప్పరు. నేనే చెప్పలేదు కదా.

జిమ్ములవైపు నుంచీ ఆలోచించాను. దూరం నేర్పడం వీడియోలో బాగోదు. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి అరడుగు ముందుకీ వెనక్కీ జరుగుతుంటే దానికి ఎవరు లైక్ కొడతారు? రెండు వారాలు గ్లవ్స్ ఇవ్వకపోతే కొత్తగా చేరినవాడు డబ్బులు వెనక్కిమ్మంటాడు. ఆ సార్ దగ్గర నేనే మూడో రోజు మానేద్దామనుకున్నాను. కాబట్టి తప్పు వాళ్ళ ఒక్కరిదే అనను, మనం చప్పుడు కొనుక్కుంటున్నాం, వాళ్ళు చప్పుడు అమ్ముతున్నారు. అయినా ఒకటి అడగొచ్చు అనుకుంటాను. స్పారింగ్‌కి ముందు ఒక నెల, క్లాసుకి పది నిమిషాలు. ఇద్దరు జంటగా నిలబడాలి, ఒకడికి ఎడమ చెయ్యి మాత్రమే, బలం తాకీ తాకనంత. అయిదారు ఉత్తుత్తివి, మధ్యలో ఎక్కడో ఒక నిజం. రెండోవాడు కొట్టకూడదు, దూరం ఉంచుకుని చిన్నగా కదలాలి, అంతే. అందులో తడబడుతున్నవాణ్ణి శనివారం రింగ్ ఎక్కనివ్వకూడదు. దీనికి ఖర్చేమీ లేదు. సార్ దగ్గర పన్నెండేళ్ళ పిల్లలు ఇదే ఆటలా ఆడతారు, నవ్వుకుంటూ. వాళ్ళలో ఒకమ్మాయి నన్ను వరసగా నాలుగుసార్లు భుజంతోనే ఆడించి, అయిదోసారి ముక్కు మీద మెల్లగా తట్టి "అన్నా, ఔట్" అంది.

మీలో ఎవరైనా ఇలాంటి చోట చేరుదామనుకుంటే మొదటిరోజే ఒక ప్రశ్న అడగండి, "స్పారింగ్ ఎప్పుడు?" అని కాదు, "స్పారింగ్‌కి ముందు డిఫెన్స్ ఎన్ని వారాలు?" అని. వాళ్ళ ముఖం చూస్తే జవాబు తెలిసిపోతుంది. ముఖం కూడా ఇండికేటరే అనుకోండి, కాబట్టి ఒక శనివారం ఊరికే వెళ్ళి కూర్చుని చూడండి.

పోయిన శనివారం పాత జిమ్‌కి వెళ్ళాను. అన్న ఉన్నాడు. మెల్లగా ఆడదామని ముందే మాట్లాడుకుని దిగాం. ఎడమ భుజం కుదిపాడు. అతని ముందు కాలు కదల్లేదు. నా గ్లవ్ రెండంగుళాలు కదిలి ఆగింది. అన్న మౌత్‌గార్డ్ వెనక నవ్వడం కనబడింది. మళ్ళీ కుదిపాడు, నేను జాబ్ వేశాను, నుదుటి మీద తగిలింది. "ఓహో" అన్నాడు. మూడోసారి మోకాళ్ళు వంచి పొట్ట వైపు చూశాడు. నేను అతని కళ్ళలోకి చూశాను, చూడకూడదని తెలుసు, చూశాను. కుడి చెయ్యి పైనుంచి వచ్చింది. మెల్లగానే తగిలింది. ఈసారి మాత్రం వస్తుంటే కనబడింది.